యాకీను, బోయజు: సొలొమోను ఆలయం ముందరి రెండు స్తంభాలకు అర్థం ఏమిటి?

#1 · అక్షరశిల

యాకీను, బోయజు స్తంభాల సంగతి బైబిలులో ముఖ్యంగా నాలుగు చోట్ల వస్తుంది: 1 రాజులు 7, 2 దినవృత్తాంతములు 3-4, 2 రాజులు 25, యిర్మీయా 52. ఎత్తు చెప్పారు, చుట్టుకొలత చెప్పారు, దానిమ్మపండ్లు లెక్కపెట్టి మరీ చెప్పారు. ఎందుకు నిలబెట్టారో మాత్రం ఎక్కడా చెప్పలేదు. ఆ ఖాళీని ఎవరికి తోచిన మాటతో వాళ్లు పూడ్చుకుంటూ వచ్చారు. రాజవంశం అన్నారు, ఏదెను వృక్షాలు అన్నారు, మేఘస్తంభం అగ్నిస్తంభం అన్నారు, ఆకాశపు స్తంభాలన్నారు, దీపస్తంభాలన్నారు.

ఈ థ్రెడ్ ఆ జాబితాను పెంచడానికి కాదు, తగ్గించడానికి. ఏ అర్థానికి పాఠంలోనో తవ్వకాల్లోనో ఆధారం ఉంది, ఏది తర్వాతివాళ్లు అంటించింది? ముందు కొలతల నుంచి మొదలుపెడితే మేలు. వస్తువు ఎలా ఉందో తేలకుండా దాని అర్థం మీద వాదించి లాభం లేదు.

#2 · మూరకొల

అయితే లెక్కలు నావి.

1 రాజులు 7:15-16 ప్రకారం ఒక్కో స్తంభం ఎత్తు 18 మూరలు, చుట్టుకొలత 12 మూరలు, దానిమీద కూర్చునే పీట 5 మూరలు. యిర్మీయా 52:21 ఇంకొక వివరం చేర్చింది: స్తంభం లోపల బోలు, గోడ మందం నాలుగు వేళ్లు.

మూర 45 సెంటీమీటర్లు అనుకుంటే చుట్టుకొలత 5.4 మీటర్లు, అడ్డుకొలత 1.72 మీటర్లు, ఎత్తు 8.1 మీటర్లు. పీటతో కలిపి 23 మూరలు, అంటే 10.35 మీటర్లు. ఈజిప్టువాళ్ల రాజమూర 52.5 సెంటీమీటర్లతో వేస్తే అడ్డుకొలత 2 మీటర్లు అవుతుంది, మొత్తం ఎత్తు 12 మీటర్లు దాటుతుంది. 2 దినవృత్తాంతములు 3:3 ‘పూర్వపు కొలత’ అని ప్రత్యేకంగా చెబుతుంది కాబట్టి రెండు మూరలు వాడుకలో ఉన్నాయన్నది గుర్తుంచుకోండి. నేను చిన్న మూరతోనే లెక్క వేస్తాను.

ఇక పొంతన లేని అంకెలు. 2 దినవృత్తాంతములు 3:15 ఎత్తు 35 మూరలు అంటుంది. ఆలయం ఎత్తే 30 మూరలు (1 రాజులు 6:2). స్తంభం ఆలయాన్ని మించి పోవడం కుదరదు కదా అని చాలామంది ఇక్కడ ఆగిపోతారు. 18, 12, 5 కూడి చూడండి, 35 వస్తుంది. ఎత్తు, చుట్టుకొలత, పీట మూడూ కలిసిపోయిన మొత్తం అది కావచ్చు. రెండు స్తంభాల పొడవు కలిపి చెప్పారనే వాదన కూడా ఉంది, కానీ దానికి ఒక్కోదాన్ని 17.5 మూరలకు తగ్గించి, మిగిలిన అరమూర పీటలోకి దిగిపోయిందని చెప్పుకోవాలి. నాకు మొదటిదే తేలికగా కుదురుతుంది.

2 రాజులు 25:17లో పీట 5 మూరలు కాదు, 3 మూరలే. హెబ్రీ బైబిలుకు పాత గ్రీకు అనువాదమైన సెప్తువగింత్ 1 రాజులలో చుట్టుకొలతను 14 మూరలు చేసింది.

దానిమ్మపండ్ల విషయంలో కంగారు అక్కర్లేదు. ఒక్కో పీటకు రెండు వరుసలు, వరుసకు 100, పీటకు 200 (1 రాజులు 7:20), రెండింటికీ 400 (1 రాజులు 7:42). యిర్మీయా 52:23లో 96 కనబడేవి, మొత్తం 100 అన్నది ఒక్క వరుస లెక్క.

#3 · వాక్యపరిచర్య

మూరకొల గారూ, బోలు అని యిర్మీయాలో ఉందన్నారు. బోలు స్తంభం బరువు మోయలేదు కాబట్టి అది కేవలం అలంకారం, కాబట్టి ప్రతీక అని ఒక వ్యాఖ్యానంలో చదివాను. ఈ తర్కం నిలుస్తుందా?

#4 · కొలిమిగట్టు

నిలవదు. లెక్క చూడండి.

మూరలో 24 వేళ్లు. నాలుగు వేళ్లంటే మూరలో ఆరో వంతు, 7.5 సెంటీమీటర్లు. బయటి అడ్డుకొలత 1.72 మీటర్లు, లోపలిది 1.57. కోసి చూస్తే లోహం ఉన్న వైశాల్యం 0.387 చదరపు మీటర్లు. కంచుకు చదరపు మిల్లీమీటరుకు 50 న్యూటన్లు అని చాలా తగ్గించి వేసుకున్నా ఒక్కో స్తంభం 1900 టన్నులకు పైగా మోస్తుంది. దేవదారు దూలాలు, పైకప్పు మట్టి దానికి ఒక లెక్కా? ‘బోలు కాబట్టి బలహీనం’ అన్న మాట తీసేయండి.

బోలుగా చేయడానికి అసలు కారణం లోహం. గోడ ఒక్కటే అయితే 3.14 ఘనమీటర్లు, కంచు సాంద్రతతో 27 టన్నులు. గట్టిగా పోస్తే 163 టన్నులు. ఆరింతలు! అదీ ఒక్క స్తంభానికి, పీట కలపకుండానే.

మన బైబిలులో ఇత్తడి అని ఉంటుంది. తుత్తునాగం కలిపే ఇత్తడి అప్పటికి అక్కడ పనివాళ్ల వాడుకలో లేదు, తగరం కలిపిన కంచే అనుకోవాలి. 1 దినవృత్తాంతములు 18:8 ప్రకారం ఈ లోహం దావీదు హదదెజెరు పట్టణాల నుంచి కొల్లగొట్టి తెచ్చింది. మృతసముద్రానికి దక్షిణాన ఉన్న తిమ్నా, ఫైనాన్ రాగి గనుల్లో క్రీ.పూ. 10వ శతాబ్దంలో పెద్ద ఎత్తున రాగి కరిగించారని కార్బన్ కాలనిర్ణయాలు చెబుతున్నాయి. అంటే ఆ ప్రాంతంలో ఆ కాలానికి రాగికి కరువు లేదు.

#5 · అక్షరశిల

పోత ఎలా పోశారన్నది కూడా రాయండి. ప్రతీకకు దానితో సంబంధం ఉందనిపిస్తోంది.

#6 · కొలిమిగట్టు

1 రాజులు 7:46: యొర్దాను మైదానంలో సుక్కోతుకు, సారెతానుకు మధ్య జిగట నేలలో పోత పోశారు. సుక్కోతును చాలామంది తెల్ దైర్ అల్లాగా గుర్తిస్తారు, అక్కడ లోహపు పని ఆనవాళ్లు దొరికాయి కూడా. ఆ చోటు ఎంచుకోవడంలో పనివాడి తెలివి కనబడుతుంది. మూసకు జిగట మన్ను, పోతగుంట తవ్వడానికి మెత్తటి నేల, కొలిమికి కట్టెలు, పక్కన నీళ్లు.

పనివాడు హీరాము. 1 రాజులు 7:14లో నఫ్తాలి గోత్రపు విధవరాలి కొడుకు, తండ్రి ఫెనీషియా రేవు పట్టణమైన తూరువాడు. దినవృత్తాంతములలో తల్లి దాను వంశస్థురాలు.

8.1 మీటర్ల స్తంభాన్ని ఒకే పోతలో పోశారంటే నమ్మడం కష్టం. మట్టి మూసకు నాలుగు చోట్ల దెబ్బ తగులుతుంది.

మొదటిది తేమ. మూసలో గానీ, బోలు కోసం లోపల నిలిపే మట్టి దిమ్మలో గానీ కొంచెం తడి మిగిలినా కరుగు (కరిగిన లోహం) తగలగానే ఆవిరై లోహాన్ని వెనక్కి ఎగజిమ్ముతుంది, లేదా గోడలో బుడగలు మిగులుతాయి. అందుకే మన్నులో ఊకో పేడో కలిపి, నెమ్మదిగా ఆరబెట్టి, ఎర్రగా కాల్చాకే పోయాలి. రెండోది కుదింపు. కంచు గడ్డకట్టి చల్లారేటప్పుడు నూటికి ఒకటిన్నర వంతు దాకా కుదించుకుపోతుంది, 8.1 మీటర్లకు 12 సెంటీమీటర్లు. లోపలి దిమ్మ మరీ గట్టిగా ఉంటే లోహం కుదించుకోలేక అడ్డంగా చీలుతుంది. దిమ్మలో ఊక కాలిపోయి సందులు ఏర్పడితే అది కాస్త నలిగి చోటిస్తుంది. మూడోది దిమ్మ కదలడం. 7.5 సెంటీమీటర్ల గోడ అంతటా సమానంగా రావాలంటే దిమ్మను మూసకు లోహపు మేకులతో కట్టి నిలపాలి. లేకపోతే కరుగు తోపుకు దిమ్మ ఒక పక్కకు జరిగి, ఒకవైపు పది సెంటీమీటర్లు, ఇంకోవైపు అయిదు వస్తుంది. నాలుగోది అన్నిటికన్నా కష్టం. ముందు పోసిన కరుగు చల్లబడకముందే తర్వాతిది పడాలి, లేకపోతే రెండు పొరలూ అతుక్కోవు.

ఈజిప్టులో మంత్రి రెఖ్మీరే సమాధి గోడమీద, క్రీ.పూ. 15వ శతాబ్దానిది, కర్నాక్ ఆలయపు కంచు తలుపులు పోస్తున్న చిత్రం ఉంది. పెద్ద మూసకు వరుసగా గరాటులు, వాటిలో చిన్న చిన్న మూసపాత్రలతో పోస్తుంటారు. సొలొమోను కాలపు పనికీ అదే దారి. స్తంభాన్ని 3 మూరల చొప్పున ఆరు ముక్కలు చేస్తే ఒక్కో ముక్క 4.5 టన్నులు. అదే పెద్ద పని, కానీ ఊహకు అందే పని. పైగా యొర్దాను లోయ సముద్రమట్టానికి దిగువన, యెరూషలేము 700 మీటర్ల ఎత్తున. 27 టన్నుల గొట్టాన్ని ఆ ఘాటు ఎక్కించడం కన్నా ముక్కలుగా తెచ్చి అక్కడ ఒకదానిమీద ఒకటి నిలపడమే జరిగి ఉంటుంది.

అష్షూరు రాజు సన్హెరీబు తన శాసనాల్లో పెద్ద కంచు పోతలు అర తులపు బిళ్లలు పోసినంత సులువుగా పోశానని గొప్పలు చెప్పుకున్నాడు. ఒక రాజు ఆ పనిని శాసనానికి ఎక్కించాడంటే, దాన్ని పోయించగలగడమే ఒక అధికార ప్రకటన. ప్రతీక సంగతి మాట్లాడేముందు ఇది ఒప్పుకోవాలి. ఆ వాకిట్లో నిలబడ్డవాడికి మొదట కనబడేది అంత కంచు.

#7 · నఫ్తాలి

సరిగ్గా నా వాదనకు దారి వేశారు. అధికార ప్రకటన, అదీ దావీదు వంశానిది.

1939లో బైబిలు పండితుడు ఆర్.బి.వై. స్కాట్ ఒక సూచన చేశాడు: యాకీను, బోయజు అన్నవి మనుషుల పేర్లు కావు, స్తంభాలమీద చెక్కిన రెండు వాక్యాల మొదటి మాటలు. ఒకటి ‘ఆయన స్థిరపరచును’ అని మొదలయ్యేది, రెండోది ‘బలముచేత’ అని. రెండో దానికి కీర్తన 21 మొదటి వచనం చూడండి, రాజు యెహోవా బలాన్నిబట్టి సంతోషిస్తాడు. మొదటిదానికి 2 సమూయేలు 7:12-16, దావీదు రాజ్యాన్నీ సింహాసనాన్నీ స్థిరపరుస్తానన్న మాట. కట్టడానికి వాక్యం పేరు పెట్టడం ఆ ప్రాంతపు ఆచారమే. బబులోను ప్రాకారం పేరు ఇమ్గుర్-ఎన్లిల్ (‘ఎన్లిల్ దేవుడు దయచూపాడు’) అలాంటిదే.

పేరు ఒక్కటే అయితే నేనింత పట్టుబట్టను. రాజు ఎక్కడ నిలబడ్డాడో చూడండి. 2 రాజులు 11:14లో బాలుడైన యోవాషుకు పట్టం కట్టినప్పుడు అతను ఆచారం ప్రకారం స్తంభం దగ్గర నిలబడ్డాడు. 23:3లో యోషీయా నిబంధన చదివించి ఒప్పందం చేసింది కూడా స్తంభం దగ్గరే. మధ్యలో రెండు వందల ఏళ్ల ఎడం. అంటే అది స్థిరమైన చోటు. లోపలికి పూజారులకే ప్రవేశం, ప్రజలు ఆవరణలో. రాజు ఆ రెంటి సరిహద్దులో, స్తంభం పక్కన.

#8 · తమాల

నఫ్తాలి గారూ, ఆ వచనాల్లో యాకీను అని గానీ బోయజు అని గానీ లేదు. ఏదో ఒక స్తంభం. వేదిక అని అనువదించేవాళ్లూ ఉన్నారు.

#9 · నఫ్తాలి

2 దినవృత్తాంతములు 23:13 అదే సంఘటనను చెబుతూ, రాజు ప్రవేశం దగ్గర తన స్తంభం పక్కన ఉన్నాడంటుంది. ప్రవేశం దగ్గర ఉన్న స్తంభాలు ఏవి, వేరే ఏమైనా వర్ణించారా? అదే పుస్తకం 34:31లో ‘తన స్థలము’ అంటుంది కాబట్టి మీ అనుమానానికి కొంత చోటు ఉంది, ఒప్పుకుంటాను. కానీ ‘వేదిక’ అనే పక్షానికి ఇంతకన్నా తక్కువే ఉంది.

#10 · తమాల

పేర్లు పక్కన పెట్టి, స్తంభం మీద ఏమి చెక్కారో చూద్దాం. అల్లిక వల, గొలుసులు, వరుసల దానిమ్మపండ్లు, పైన తామర పని. రాజుకు సంబంధించినది ఒక్కటి ఉందా? సింహం లేదు, కిరీటం లేదు, సింహాసనం లేదు. అంతా చెట్టూ పువ్వూ కాయా.

లోపలికి వెళ్తే గోడల నిండా కెరూబులు, ఖర్జూరపు చెట్లు, విచ్చుకున్న పువ్వులు (1 రాజులు 6:29). తలుపుల మీదా అవే (6:32). ఆదికాండము 3:24లో ఏదెను తోటకు తూర్పున కెరూబుల కావలి, ఈ ఆలయం ముఖమూ తూర్పుకే. ఇది తోట. ఆ తోట వాకిట్లో రెండు పెద్ద చెట్లు.

ఇంకో లెక్క. 5.4 మీటర్ల చుట్టూ ఒక వరుసలో 100 పండ్లు పేరిస్తే ఒక్కోదానికి 5.4 సెంటీమీటర్లు. పీట కాస్త ఉబ్బి ఉంటుంది కాబట్టి ఇంకొంచెం ఎక్కువ. చిన్న దానిమ్మపండు ఉన్నంత! చెక్కడం కాదు, నిజం పండంత పోతపండ్లు వేలాడుతున్నాయని నా అభిప్రాయం. సిరియా తీరపు ప్రాచీన నగరం ఉగరిత్‌లో దొరికిన ఒక కంచు ముక్కాలిపీటకు ఇలాగే చుట్టూ దానిమ్మ లోలకులు వేలాడతాయి. ప్రధానయాజకుడి అంగీ అంచునా దానిమ్మపండ్లే (నిర్గమకాండము 28:33).

#11 · మూరకొల

తామర పని 4 మూరలు అని 1 రాజులు 7:19లో ఉంది. ఎత్తా, వెడల్పా? స్తంభం అడ్డుకొలత 3.82 మూరలు, దాదాపు 4. వెడల్పు అనుకుంటే పువ్వు స్తంభం కన్నా విచ్చుకోదు, మొగ్గలా నిలుస్తుంది. ఎత్తు అనుకుంటే కింద 1 మూర గిన్నె, పైన 4 మూరల పువ్వు, మొత్తం 5 సరిపోతుంది. 7:41లో గిన్నె ఆకారం అనే మాట ఉండనే ఉంది. తమాల గారి చెట్టుకు రెండోదే బాగా నప్పుతుంది.

#12 · పలుగుపార

చర్చ అంతా పుస్తకాల్లోనే సాగుతోంది, కాస్త మట్టిలోకి దిగుదాం.

సొలొమోను ఆలయం రాయి ఒక్కటీ తవ్వకంలో బయటపడలేదు. ఆలయ కొండమీద తవ్వడానికి వీలూ లేదు. కనుక పోలికలే దిక్కు.

సిరియాలో ఐన్ దారా. 1980ల్లో అలీ అబూ అస్సాఫ్ తవ్వాడు. మంటపంలో రెండు స్తంభాల అడుగులు, లోపల పొడవాటి గది, చివర గర్భగుడి. గడపల మీద మీటరు దాకా పొడవున్న పాదముద్రలు చెక్కి ఉన్నాయి. మొదటి గడపమీద రెండు పాదాలు జంటగా, తర్వాత ఎడమ, ఆ తర్వాత కుడి. దేవత నడిచి లోపలికి పోయిందని రాతిలో చెప్పారు. 2018 జనవరిలో వైమానిక దాడిలో ఆలయం బాగా దెబ్బతింది, ఇప్పుడు ఛాయాచిత్రాలే ఎక్కువ పనికొస్తాయి.

టర్కీలో తెల్ తాయినాత్. 1936లో షికాగో బృందం తవ్వింది. క్రీ.పూ. 8వ శతాబ్దపు ఆలయం. ఇక్కడ స్తంభం అడుగు రెండు సింహాల మీద కూర్చుని ఉంటుంది. రెండు పక్కగోడల మధ్య నిలిచిన స్తంభాలు కాబట్టి దూలాన్ని మోసేవి.

ఇశ్రాయేలులో హాసోరు ఆలయం వాకిట రెండు అడుగులు దొరికాయి, కానీ అది కనానీయుల కాలం. అరాదులోని యూదా కోట ఆలయంలో లోపలి గది ప్రవేశానికి రెండు పక్కలా చదునైన రాళ్లున్నాయి. పురావస్తు పండితుడు యోహనాన్ అహరోని వాటిని యాకీను, బోయజు లాంటి స్తంభాల అడుగులన్నాడు. నా దృష్టిలో అది కొంచెం తొందరపాటు, వాటిమీద ఏదో నిలిచిందన్నంత వరకే చెప్పగలం.

మట్టి నమూనాలు మాత్రం చాలా విలువైనవి. ఖిర్బెత్ కెయాఫాలో 2011లో దొరికిన చిన్న మట్టి గుడికి వాకిట రెండు స్తంభాలు, రెండు సింహాలు. కాలం సుమారుగా దావీదుది. సైప్రసులోని ఇదాలియోన్ నమూనా, ఇప్పుడు పారిస్ లూవ్ర్‌లో ఉంది, దానిలో స్తంభాలు గోడకు అంటకుండా విడిగా నిలబడి, తలమీద పువ్వులు విచ్చుకుని ఉంటాయి.

అంటే రెండు సంప్రదాయాలూ ఉన్నాయి: మోసేవి, ఊరికే నిలబడేవి.

#13 · కొలిమిగట్టు

మోసేవి కావని నేనంటాను, కానీ బలహీనం కాబట్టి కాదు. మంటపం వెడల్పు 20 మూరలు (1 రాజులు 6:3). లోపలి ఆలయం వెడల్పూ 20 మూరలే. లోపల నడుమ స్తంభం ఒక్కటీ లేకుండా దేవదారు దూలాలు వేసి కప్పేశారు. అదే వెడల్పుకు మంటపంలో స్తంభాలు ఎందుకు కావలసివచ్చాయి? నిర్మాణానికి అక్కర్లేదు. పైగా మోసే స్తంభం తలమీద 4 మూరల పువ్వు పెడితే దూలం ఎక్కడ కూర్చుంటుంది?

#14 · పలుగుపార

పువ్వు తల ఉన్నా దూలం మోసిన స్తంభాలు ఈజిప్టులో బోలెడు. పువ్వు మీద ఒక దిమ్మ పెట్టి దూలం దానిమీద ఆనిస్తారు. ఆ చివరి ప్రశ్న తీసేస్తే మీ వాదన నిలుస్తుంది. 2 దినవృత్తాంతములు 3:17 ‘ఆలయము ఎదుట’ అంటుంది, అదీ మీ వైపే.

#15 · నఫ్తాలి

ఐన్ దారా పాదాల సంగతి ఇక్కడ ముఖ్యం. 1983లో బైబిలు పండితురాలు కేరల్ మేయర్స్ ఇదే దారిలో వాదించింది. ద్వారానికి రెండు పక్కలా పెద్ద స్తంభాలు దేవుడు తన ఇంట్లో అడుగుపెట్టాడనడానికి గుర్తు. లోపలికి వెళ్లే వీలు లేని ప్రజలకు, పరదేశపు దూతలకు బయట కనిపించేది ఇదొక్కటే. దేవుడు ఇక్కడ కాపురం పెట్టాడు, కాబట్టి ఈ ఇల్లు కట్టిన రాజు ఆయన ఎన్నుకున్నవాడు. తోట, రాజు ఒకదానికొకటి అడ్డం కావు. తోట యజమానిది, తోటమాలి రాజు.

#16 · తమాల

చివరి వాక్యం మీరు కలిపింది, మేయర్స్‌ది కాదు. మిగతాది ఒప్పుకుంటాను. అయినా చూసేవాడికి ముందు కనబడేది చెట్టే.

#17 · వాక్యపరిచర్య

దీపస్తంభాల వాదన గురించి ఎవరూ రాయలేదు. పీటలో గిన్నె ఉందన్నారు కదా, నూనె పోసి వెలిగించారని విన్నాను.

#18 · పలుగుపార

1942లో పురావస్తు పండితుడు ఆల్‌బ్రైట్ ప్రతిపాదించాడు. యూదా ప్రాంతపు పాత పట్టణం మరేషాలోని సమాధి గోడల మీద గీసిన దీపపు గిన్నెల స్తంభాలు అతనికి ఆధారం. మూడు ఇబ్బందులున్నాయి. ఆ సమాధులు గ్రీకుల ఏలుబడి నాటివి, ఆలయానికి ఏడు వందల ఏళ్ల తర్వాతివి. స్తంభాల మీద మంట గురించి, నూనె గురించి బైబిలులో ఒక్క ముక్క లేదు. లోపలి దీపస్తంభాల గురించి మాత్రం వత్తులు సరిచేసే కత్తెరల దాకా రాశారు (1 రాజులు 7:49-50). ఇక పది మీటర్ల ఎత్తున రోజూ నూనె పోయాలంటే ఎక్కడానికి మెట్లో నిచ్చెనో కావాలి, దాని ప్రసక్తీ లేదు.

గ్రీకు చరిత్రకారుడు హెరొదొతు తూరులోని హెరక్లేసు గుడిలో రెండు స్తంభాలు చూశానని, ఒకటి మేలిమి బంగారం, రెండోది రాత్రిళ్లు వెలిగే పచ్చరాయి అని రాశాడు. దీన్ని వెలుగు వాదానికి వాడతారు. నాకైతే అది ఇంకో విషయానికి పనికొస్తుంది: తూరు గుడికీ జంటస్తంభాలే, హీరామూ తూరు పనివాడే. రూపం ఫెనీషియా నుంచి వచ్చింది, అర్థం యెరూషలేములో పెట్టారు.

#19 · అక్షరశిల

ఇక్కడ ఒక గందరగోళం ముందే ఆపాలి. తెలుగు బైబిలులో ‘స్తంభము’ అని ఉన్న చోట్లన్నీ ఒకటి కావు. యాకోబు బేతేలులో నూనె పోసి నిలిపిన రాయి (ఆదికాండము 28:18), మోషే సీనాయి కింద నిలిపిన పన్నెండు (నిర్గమకాండము 24:4), ద్వితీయోపదేశకాండము 16:22 నిషేధించినవి, హిజ్కియా పగలగొట్టినవి (2 రాజులు 18:4), ఇవన్నీ నిలువురాళ్లు. గెజెరులో పది నిలువురాళ్లు ఇప్పటికీ ఉన్నాయి, ఎత్తైనది 3 మీటర్లు దాటుతుంది. హెబ్రీలో వీటి పేరే వేరు. యాకీను, బోయజు కట్టడపు స్తంభాలు. వాటిని ఎవరూ నిషేధించలేదు, సంస్కరణలు చేసిన హిజ్కియా, యోషీయా ఇద్దరూ ముట్టుకోలేదు. ‘దేవుడే నిషేధించిన స్తంభాన్ని సొలొమోను నిలబెట్టాడు’ అనే ప్రసంగాలు ఈ తేడా తెలియక వచ్చినవి.

#20 · వాక్యపరిచర్య

మేఘస్తంభం, అగ్నిస్తంభం? అరణ్యంలో నడిపించినవాటికి గుర్తుగా ఈ రెండు నిలిపారని చాలా చోట్ల చెబుతారు.

#21 · నఫ్తాలి

అది ప్రసంగానికి అందంగా ఉంటుంది, పాఠంలో మాత్రం లేదు. నిర్గమకాండము 13:21-22లో పగలు మేఘం, రాత్రి అగ్ని, అంటే ఒక్కసారి ఒక్కటే. ఇక్కడ రెండూ ఒకేసారి, ఒకే రూపం, ఒకే కొలత. ఒకదానిమీద మేఘపు గుర్తు, ఇంకోదానిమీద జ్వాల ఉంటే ఆలోచించవచ్చు, రెండింటిమీదా దానిమ్మపండ్లే. ఆలయం ప్రతిష్ఠించినప్పుడు మేఘం నిండింది లోపల (1 రాజులు 8:10), స్తంభాల మీద కాదు.

ఆకాశపు స్తంభాలు (యోబు 26:11), భూమి స్తంభాలు (1 సమూయేలు 2:8) సంగతి కొంచెం మెరుగు. ఆవరణలోని కంచు సముద్రం, అంటే 10 మూరల అడ్డుకొలత ఉన్న నీళ్ల తొట్టి, ఆ పేరు ఊరికే పెట్టుకోలేదు. సముద్రం ఉన్న చోట లోకపు స్తంభాలు ఉన్నాయనుకోవడం అసంబద్ధం కాదు. కానీ లోకాన్ని మోసే స్తంభాలు రెండే అని ఎక్కడా లేదు.

#22 · తమాల

యూదుల మార్మిక సంప్రదాయమైన కబ్బాలాలో వీటిని దైవశక్తి వృక్షపు రెండు కొమ్మలకు, నెత్సాహ్, హోద్ అనేవాటికి జతచేశారు. ఫ్రీమేసన్లు అనే సోదరసంఘంవాళ్లు తమ లాడ్జీల్లో (సమావేశ మందిరాల్లో) ఇవే రెండు నిలబెట్టి, పైన భూగోళం, ఖగోళం పెట్టారు. హైదరాబాదు గోషామహల్ బారాదరి కూడా మేసన్ల లాడ్జీయే, ఆ సంప్రదాయం వాళ్లందరిదీ. బోలు స్తంభంలో రహస్యపత్రాలు దాచారన్న కథ కూడా మేసన్లదే. 2 రాజులు 25:13 ప్రకారం బబులోనువాళ్లు వాటిని ముక్కలు చేసి మోసుకుపోయారు, లోపల ఏమీ దొరికినట్టు రాయలేదు. ఇవన్నీ ఆ సంప్రదాయాల చరిత్రకు పనికొస్తాయి, క్రీ.పూ. 10వ శతాబ్దానికి కాదు.

#23 · వాక్యపరిచర్య

ప్రకటన 3:12 మరి? జయించినవాణ్ని నా దేవుని ఆలయంలో స్తంభంగా చేస్తానని ఫిలదెల్ఫియ సంఘానికి రాసింది.

#24 · నఫ్తాలి

అక్కడ రెండు పొరలు ఉన్నాయి. స్తంభమూ, దానిమీద రాసే పేరూ కలిసి వచ్చాయి కాబట్టి యాకీను, బోయజు గుర్తుకు రావడం సహజం. కానీ ఫిలదెల్ఫియ క్రీ.శ. 17లో భూకంపానికి కూలిన ఊరు. ‘ఎన్నడూ వెలుపలికి పోడు’ అన్న మాట ఆ ఊరివాళ్లకు ఎలా వినబడిందో ఆలోచించండి. గలతీయులకు 2:9లో యాకోబు, కేఫా, యోహాను స్తంభాలు అనబడ్డారు, అక్కడ ముగ్గురు. ప్రసంగంలో ఈ వచనాలు వాడండి, సొలొమోను మనసులో ఇదే ఉందని మాత్రం అనకండి.

#25 · అట్టబొమ్మ

చర్చ పూర్తిగా చదివాను. సండే స్కూలుకు ఆలయం నమూనా 1:50 కొలతలో కావాలి. కుడి ఎడమలు ఎవరి వైపు నుంచి? పేర్లు ఏ స్తంభం మీద రాయాలి? బజారులో దొరికే బొమ్మల్లో ఒకదానికొకటి పొంతన లేదు.

#26 · మూరకొల

1 రాజులు 7:21లో కుడివైపు యాకీను, ఎడమవైపు బోయజు. ఆ కుడి ఆలయం కుడి, చూసేవాడిది కాదు. 7:39లో సముద్రాన్ని ఆలయం కుడివైపున, తూర్పుగా దక్షిణానికి ఎదురుగా ఉంచారని ఉంది. అంటే కుడి అన్నా దక్షిణం అన్నా ఒకటే. కాబట్టి యాకీను దక్షిణాన, బోయజు ఉత్తరాన. పిల్లలు వాకిట్లోంచి ఆలయం వైపు చూస్తే యాకీను వాళ్ల ఎడమచేతి వైపు వస్తుంది. బొమ్మల్లో తేడా వచ్చేది ఇక్కడే.

1:50 కొలతకు: స్తంభం ఎత్తు 16.2 సెంటీమీటర్లు, అడ్డుకొలత 3.4, పీట 4.5. మంటపం 18 వెడల్పు, 9 లోతు. ఆలయం ఎత్తు 27. స్తంభానికి 32 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టం తీసుకుని చుట్టూ ఒక మిల్లీమీటరు మందం అట్ట చుడితే అడ్డుకొలత సరిగ్గా వస్తుంది. అట్ట వెడల్పు 10.8 సెంటీమీటర్లు కోయండి. పీట ఉబ్బును 4.2 సెంటీమీటర్లకు మించనివ్వకండి. ఆ చుట్టూ 100 పండ్లు పట్టాలంటే ఒక్కోదానికి 1.3 మిల్లీమీటర్లే. పూసలు అంత చిన్నవి దొరకవు, సన్న ఆవాలు జల్లెడ పట్టి అంటించండి. ఒక్కో పీటకు రెండు వరుసలు, మొత్తం 400.

#27 · కొలిమిగట్టు

బంగారు రంగు వేయకండి. బంగారం లోపల, బయట స్తంభాలు కంచు. 7:45లో మెరుగుపెట్టిన లోహం అని ఉంది కాబట్టి రాగి రంగులో కొంచెం పసుపు కలిపి, ఆవాలు అంటించాకే పూత వేయండి. ముందే వేస్తే జిగురు పూతకు పట్టుకుని, ఆరాక ఆవాలతో సహా ఊడొస్తుంది.